రెండో ట్రాకు

“ప్రిస్కిల్లా, గా కుక్కర్ బంద్ చెయ్యి! సీటీ గూడ రికార్డయింది!”

పన్నెండోసారి పాడింది కూడా పాడైపోయిందని రాజ్ కిరణ్ హెడ్‌ఫోన్స్ తీసి మంచం మీద పడేశాడు.

“నీ పాట కోసం ఇంట్ల పప్పు ఉడకొద్దా?” వంటింట్లోంచి భార్య కేకేసింది.

అతని తిక్కకూ కారణం ఉంది. ఆదివారానికి తండ్రి పోశయ్య పోయి ఏడాది. సంస్మరణ కూడికకు చర్చి వాళ్లు, చుట్టాలు అందరూ వస్తారు. ఆలోగా తండ్రి పాట పూర్తిచేసి వినిపించాలి. ఇవాళ అప్పుడే బుధవారం.

పాట ఒక పాత క్యాసెట్‌లోది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు బండ్లు గేటు ముందు బారులు తీరి గంటలకొద్దీ ఆగేవి. పోశయ్య తన బండి మీద కూర్చుని ఒక చరణం ఎత్తుకుంటే, వెనక బండాయన జవాబు చరణం పాడేవాడు. టేపు రికార్డరు పోశయ్య ఒళ్లో ఉండటంతో ఆయన గొంతే పడింది. జవాబు రావలసిన చోట ఎద్దుల గంటలు తప్ప ఏమీ వినపడవు.

ఆ మనిషెవరని అడిగితే పోశయ్య “ఎనుక బండాయన” అనేవాడు, అంతే. పేరు ఆయనకూ తెలియదు మరి! రాజ్ కిరణ్ బోధన్ నుంచి కోటగిరి దాకా తిరిగి వాకబు చేశాడు. ఎవరూ చెప్పలేకపోయారు.

చివరికి ఎవరో వాడుకుని అమ్మేసిన హార్డ్‌డిస్క్ రికార్డరు కొన్నాడు. ఒకటో ట్రాకులో తండ్రి గొంతు ఎక్కించాడు. రెండో ట్రాకులో, తానే రాసుకున్న జవాబులు పాడుతున్నాడు. పాడటం, వినడం, ఛీ అనుకోవడం. డిస్కులో ఇక పదిహేను నిమిషాల జాగా మిగిలింది.

“బాగలేనివి తీసెయ్యరాదు?” అంది ప్రిస్కిల్లా.

“అన్నీ గట్లనే ఉన్నయి. ఏది తీసెయ్యాలె?”

దీనికి తోడు జనం. మిషిన్ వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి వాడకట్టంతా ఇక్కడే. కూరగాయల ఆటోకు కేకలు రికార్డు చెయ్యమని ఒకడు, తప్పిపోయిన మేక కోసం ప్రకటన చెయ్యమని ఇంకొకడు. కాదంటే అలుగుతారు.

అందుకని రాజ్ కిరణ్ ఒక ఉపాయం కనిపెట్టాడు. బటన్ ఒకసారి నొక్కితే ఎర్ర లైటు మినుకుమినుకుమంటుంది. అంటే మిషిన్ సిద్ధంగా ఉంది, అంతే. లైటు నిలకడగా వెలిగితేనే గొంతు డిస్కులో పడుతుంది. ఈ తేడా ఎవరికి తెలుసు? లైటు మినుకుమనిపించి, వాళ్ల ముచ్చట తీర్చి పంపేస్తున్నాడు.

“బిడ్డా!”

గుమ్మంలో ఒక ముసలాయన. మెడకు తువ్వాల చుట్టుకున్నాడు. మాట బొంగురుగా ఉంది.

“ఏం గావాలె కాకా?”

“సందులకెల్లి పోతుంటే పాట ఇనబడ్డది. నేనో పాట పాడ్త. గా మిషిన్ల పట్టుకో.”

“ఇయ్యాల గాదు. ఆదివారం అయినంక రా.”

“గప్పటిదాక ఆగది బిడ్డా.”

“ఏందాగనిది?”

ముసలాయన గొంతు తడుముకుని ఏదో చెప్పబోయాడు. వినే ఓపిక రాజ్ కిరణ్‌కు ఎక్కడిది?

“సరే సరే, కూసో. జల్ది కానియ్యి.”

మైకు ఆయన ముందుకు జరిపి, దాని వాల్యూమ్ సున్నాకు తిప్పాడు. ఎర్ర లైటు మినుకుమంది. తాను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఇందాక పాడినదే మళ్లీ వింటూ కూర్చున్నాడు. ముసలాయన వైపు చూడను కూడా లేదు.

కాసేపటికి ఎవరో భుజం తట్టారు.

“అయిందా కాకా? మస్తుగొచ్చింది.”

“ఖరాబు గాదు గద?”

“నూరేండ్లుంటది.”

ముసలాయన ముఖం వెలిగిపోయింది. “నా బిడ్డ వస్తది. ఆమెకియ్యి,” అని దండం పెట్టి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున ఆ బిడ్డ రానే వచ్చింది. పేరు గంగమణి.

“మా బాపు పాట నీ తాన ఉన్నదట గద తమ్మీ. నా ఫోన్లకు ఎక్కియ్యవా?”

“ఆయన రాలేదా అక్కా?”

“నిజామాబాద్ దవఖానల ఉన్నడు. గొంతుల పుండు. నిన్న ఆపరేషనైంది. పానం దక్కింది గని గొంతుపెట్టె తీసేసిండ్రు. ఇగ మాట రాదు.” కొంగుతో కళ్లొత్తుకుంది. “లోపటికి పోయేముందు నాకే ధైర్నం చెప్పిండు. నా గొంతు బోధన్ల భద్రంగ దాసొచ్చిన, ఏడ్వకు అని.”

రాజ్ కిరణ్ మిషిన్ వైపు తిరిగి ఏవో బటన్లు నొక్కాడు.

“డి... డిస్కుల దేవులాడాలె అక్కా. సోమవారం ఇస్త.”

“తొందరేం లేదు తమ్మీ. నూరేండ్లుంటదన్నవట గద,” అని ఆమె నమ్మకంగా వెళ్లిపోయింది.

“ఇచ్చి పంపకపోయినవా?” ప్రిస్కిల్లా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఇయ్యనీకి ఏమున్నది? నేను రికార్డే చెయ్యలే. ఉత్తగ లైటు పెట్టిన.”

“అయ్యో! గదేం పనయ్యా? నీకు మనసెట్ల ఒప్పింది?”

“ఒప్పింది. నా అంత గాడ్ది కొడుకు లేడు. ఆయనేం పాడిండో గూడ ఇనలే. నువ్విన్నవా?”

“వంటింట్లకెల్లి ఇన్న. ఒక చరణం పాడుడు, ఊకుండుడు. మల్ల ఇంకో చరణం పాడుడు, మల్ల ఊకుండుడు. మర్సిపోతున్నడేమో పాపం అనుకున్న.”

రాజ్ కిరణ్ లేచి నిలబడ్డాడు.

“ఎంతసేపు ఊకున్నడు?”

“నేనేమన్న గడియారం పెట్టుకున్ననా?” అంటూనే ప్రిస్కిల్లా గుర్తుచేసుకుంది. వారం రోజులుగా విని విని నోటికొచ్చిన మామ పోశయ్య చరణం ఒకటి మొదటి నుంచి చివరిదాకా మెల్లగా పాడింది. “ఇగో, సరిగ్గ గింతసేపు.”

రాజ్ కిరణ్ ముసలాయన కూర్చున్న చోటు వైపు తిరిగాడు.

“మా బాపు పాడేంతసేపు ఆగిండు, ప్రిస్కిల్లా. ఎనుక బండాయన గా ముసలాయనే.”