దీర్ఘం

"చేతులు! చేతులు తియ్యి పెద్దమ్మా, కారం!"

అష్రఫ్ అరుపుకి ఆమె ఉలిక్కిపడి, ఆటపెట్టె మీంచి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అష్రఫ్ షెడ్డు పక్క గోడౌనులో మిరపకాయల తొడాలు తీసే కూలీ ఆమె. మధ్యాహ్నం అన్నాలయ్యాక మిగతా ఆడవాళ్ళు కాసేపు నడుం వాలిస్తే, ఈవిడ మాత్రం ఇక్కడికొచ్చి నిలబడుతుంది.

అష్రఫ్‌కి పాత వీడియో గేముల పిచ్చి. పిచ్చి అన్నది నేను కాదు, వాళ్ళావిడ నాజియా. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఎక్కడ పాత ఆటపెట్టె పడున్నా తెచ్చి బాగుచేస్తాడు. తెర కోసం చెన్నై పోతాడు, బోర్డు కోసం బొంబాయి పోతాడు. ఇంట్లో పాడైన ఫ్రిజ్ మాత్రం మూడేళ్ళుగా బట్టల బీరువా!

ఈ పెట్టె సంగతి వేరు. వాళ్ళ నాన్న బుడాన్ గుంటూరులో నడిపిన గేముల షాపులోది. పోయేముందు ఆయన ఒక్కటే అడిగాడు.

"దీన్ని మళ్ళీ ఆడించరా. మొదటి రూపాయి బిళ్ళ మాత్రం రికార్డు కొట్టిన మనిషి చేతే వేయించు. ఆ మనిషి ఆడుతుంటే బజారంతా ఊపిరి బిగబట్టి చూసేదిరా."

పెట్టె పక్కన పసుపు పెయింటుతో "రికార్డు: సుబ్బరా" అని ఉంది. ఆ పక్కనే, ఎలుకలు కొరికిన అంచుకి బుడాన్ కొట్టిన రేకు. నాన్న చేతిపని పీకడానికి అష్రఫ్‌కి చేతులు రాలేదు. చివరక్షరం చెరిగిపోయిందనుకుని, దీర్ఘం పెట్టి, ఉన్న ఇరుకులో "వు" ఇరికించి, పేరుని "సుబ్బారావు" చేశాడు.

ఆ సుబ్బారావు కోసం గుంటూరులో తిరగని వీధి లేదు. ముగ్గురు దొరికారు. ఇద్దరికి ఆటే తెలీదు. మూడో ఆయన ఇన్సూరెన్సు పాలసీ అంటగట్టి పోయాడు.

"ఈ దీర్ఘం ఎవరు పెట్టారబ్బాయ్?" అడిగింది ఆమె, పేరు వంక చూస్తూ.

"నేనే. పెయింటరు మర్చిపోయాడు."

"మర్చిపోయాడా!" పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంతలో అష్రఫ్ స్విచ్ వేశాడు. తెర వెలిగింది.

నీలం చీకటి, దాన్నిండా చుక్కలు, అడుగున చిన్న తెల్ల ఓడ. ఆ వెలుగు ఆమె మొహం మీద పాకింది. మిరప ఘాటుకి ఎర్రబడ్డ కళ్ళు రెప్ప వెయ్యడం మానేశాయి. బొటనవేలు ఉత్తగాలిలోనే ఏదో నొక్కుతోంది.

"ఇప్పుడు కుడి పక్కనుంచి వస్తాయి," అంది నిద్దట్లో మాట్లాడుతున్నట్టు.

శత్రు ఓడలు కుడి పక్కనుంచే వచ్చాయి. అష్రఫ్ చూడలేదు, కిందపడ్డ స్క్రూ వెతుక్కుంటున్నాడు.

"ఒక్కాట ఆడనా నాయనా? సబ్బుతో చేతులు కడుక్కొస్తా. వచ్చే ఏడాదికి చూపు ఆనదన్నాడు డాక్టరు."

అతనికి జాలేసింది. కానీ నాన్నకిచ్చిన మాట!

"మొదటి ఆట సుబ్బారావు గారిది పెద్దమ్మా. ఆయన ఆడాక రోజంతా నువ్వే ఆడుకో."

"వస్తాడంటావా?"

"తప్పకుండా వస్తాడు."

"సరే అయితే. ఆయనొచ్చిందాకా ఆగాల్సిందే మరి."

మళ్ళీ నవ్వింది. ఈసారి చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. కారం అనుకున్నాడు అష్రఫ్.

సీజను అయిపోయింది. సుబ్బారావు రాలేదు. పెట్టెకి దుప్పటి కప్పాడు.

మరుసటేడు కూలీలు వచ్చారు. ఆమె లేదు.

"ఆ పెద్దావిడా?" అన్నాడు మేస్త్రి. "చూపు పూర్తిగా పోయిందండీ. వేటపాలెంలో కూతురి దగ్గరుంటోంది."

అష్రఫ్ మనసు చివుక్కుమంది. ఒక్కాట ఆడనిస్తే తన సొమ్మేం పోయేది?

షెడ్డుకొచ్చి పెట్టె మీద దుప్పటి తీశాడు. అంచు రేకు కిందనుంచి చెదలు బారులు తీరి ఉన్నాయి. ఇక తప్పదు. నాన్న కొట్టిన మేకులు ఒక్కొక్కటే పీకి, రేకు లేపి, మట్టి తుడిచాడు.

తను ఇరికించిన "వు" పక్కన, ఇన్నేళ్ళూ ఎండ తగలని పసుపు పెయింటు నిన్న వేసినట్టే ఉంది: "వమ్మ".