డాబా మీద చీర

యంత్రపు కళ్లు పెట్టించుకున్నవాళ్లు ముందుగా కైలాసగిరి ఎక్కడం విశాఖలో ఆనవాయితీ అయిపోయింది. ఆ కొండ మీంచి సొంతిల్లు పోల్చుకుంటేనే చూపు కుదిరినట్టు లెక్క.

ఏళ్ల తరబడి చూపులేక, ఈమధ్యే ఆ కళ్లు పెట్టించుకున్న సన్యాసమ్మను భర్త పైడయ్య చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాడు. సముద్రం పక్కన ఊరంతా ఒకటే నీలం, ప్రతి డాబా మీదా సోలార్ పలకలే. ఆమె చాలాసేపు వెతికింది. పైడయ్య ఆమె మొహంలోకి వంగి చూశాడు.

“మనిల్లు కనబడతందేటే?”

“డాబా మీద ఆ ఎర్రచీర ఎవులు ఆరేసినారు?”

“నానే. నీకు గురుతుంటాదని.”

“నా పెళ్లి పట్టుచీర ఎండలో ఏసినావా? రంగు ఎలిసిపోదేటి? బుర్రుందా నీకు?”

చుట్టూ జనం నవ్వారు. అతడి మీదే ఆధారపడ్డానన్న మొహమాటంతో, చూపు పోయాక ఇన్నేళ్లూ ఆమె అతణ్ణి పల్లెత్తు మాట అనలేదు. పైడయ్య కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: “ఇంకా తిట్టవే.”