మధ్యలో ఆగిన భజన

చరణం సగంలో ఉండగానే చైనాయన ఫిడేలు ఆపేశాడు.

మద్దిలేటి చేతుల్లోని చెక్కలు ఇంకో రెండు దెబ్బలు వేసి ఆగాయి.

దూరంగా దుమ్ము లేచింది. సాయంత్రం అయితే నీళ్ళు పట్టుకోవడానికి వచ్చే ఇరాకీ సైనికుల జీపు.

"రాక్కా, తొట్టి ఎనక్కి!"

సంజీవమ్మ మద్దిలేటి వెంట పరుగెత్తింది. కళ్ళు మాత్రం గడ్డిపాక మీదే ఉన్నాయి.

పాకలో ఆమె చెల్లెలి కూతురు రమణి దాక్కుని ఉంది. పట్నంలో, వీసా ఇచ్చి రప్పించుకున్న కఫీల్ ఇంట్లో పనిచేసేది. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగగానే కఫీల్ కుటుంబంతో సౌదీకి వెళ్ళిపోతే, కబ్ద్ ఎడారిలో పెద్దమ్మా, మద్దిలేటీ పనిచేసే ఈ తోటకు చేరింది.

వయసులో ఉన్న పిల్ల. సైనికుల కంట పడకుండా దాన్ని కడప చేర్చాలి. సంజీవమ్మకు వేరే ఆలోచన లేదు.

చైనాయన దాక్కోలేదు. తిన్నగా వెళ్ళి గడ్డిపాక తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు. మళ్ళీ కమాను అందుకున్నాడు. ఈసారి అరబ్బు పాట.

సైనికులు చప్పట్లు కొట్టారు.

"చూస్తివా? మన పాట ఇడిసిపెట్టి వాళ్ళది ఎత్తుకున్యాడు." మద్దిలేటి పళ్ళు కొరికాడు.

చైనాయన ఎడారిలో నడుచుకుంటూ వచ్చి ఎన్నో రోజులు కాలేదు. భుజాన పొడవాటి పెట్టె. అందులో ఈ ఫిడేలు. రెండే తీగలు, పాముతోలు బిగించిన చిన్న బుర్ర.

పట్నంలో హోటల్ బ్యాండు తనదని సైగలతో, వచ్చీరాని అరబ్బీతో చెప్పాడు. గోవా అతని గిటారు, ఈజిప్టు అతని డప్పు, నడుమ తన ఫిడేలు.

"సేమ్ సేమ్," అంటూ రెండు చేతుల వేళ్ళూ పెనవేసి చూపించాడు.

మద్దిలేటి ఊళ్ళో చెక్కభజన గురువు. ఆ దరువు పట్టుకోవడానికి చైనాయనకు ఒక్క పూట పట్టింది. రామభజన నడుమ గిటారు మెలికలూ, అరబ్బు సాగదీతలూ కలిపేవాడు.

"ఏంది సామీ, రాముడికి కోటు తొడిగినావే!" అని మద్దిలేటి పడీపడీ నవ్వేవాడు.

ఆ నవ్వంతా జీపు కనబడేదాకానే.

"మంగళం పాడకుండా లేసిపోయేటోణ్ణి మా గుంపులో చేర్చుకోమక్కా. వాడు దేనికైనా తెగిస్తాడు."

"పరాయి దేశపోడు. వానికేం తెలుసులే."

"ఆ కట్టు వానికి చెప్పినా కదా! తలకాయ కూడా ఊపినాడు."

అప్పుడే ఒక సైనికుడు ఏదో అడిగాడు. చైనాయన చెయ్యెత్తి పాక తలుపు చూపించాడు.



సైనికుడు తలుపు వైపు చూశాడు. రొట్టెల మూట చైనాయన ఒళ్ళో పెట్టి, గబగబా జీపెక్కాడు.

"రొట్టెలకు అమ్మినాడు పిల్లను," అన్నాడు మద్దిలేటి. "ఈపొద్దు తలుపు చూపిచ్చినాడు. రేపు తెరుస్తాడు."

జీపు వెళ్ళిపోగానే చైనాయన నవ్వుతూ వచ్చి, మూట సంజీవమ్మకు అందించబోయాడు.

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఖలాస్," అన్నాడు మద్దిలేటి, దారి చూపిస్తూ. "యల్లా. పో."

చైనాయన బిత్తరపోయాడు. పాక వైపు చూపించి, నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అరబ్బీలో ఏదో చెప్పబోయాడు.

"తలరాత అంటాండాడు, దొంగ నాకొడుకు!" మద్దిలేటి అతని మాట పూర్తి కానివ్వలేదు.

సంజీవమ్మకు అరబ్బీ బాగానే వచ్చు. అయినా మొహం తిప్పుకుంది.

చైనాయన మూట అక్కడే దించి, పెట్టె భుజానికెత్తుకున్నాడు. ఎడారిలో చాలాదూరం వరకూ వెనక్కి తిరిగి చూస్తూనే నడిచాడు.

మర్నాడు సాయంత్రం జీపు వచ్చింది.

తలుపు దగ్గర ఎవరూ లేరు. పాట లేదు. నిన్నటి సైనికుడు అటూ ఇటూ చూసి, పాక వైపు నడిచాడు.

"అక్కా, పోవద్దు!"

సంజీవమ్మ వినలేదు. తొట్టి వెనక నుంచి పరుగెత్తి, తలుపుకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

సైనికుడు దూరంగానే ఆగిపోయాడు. రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"చైనావాడేడీ?" అరబ్బీలో అడిగాడు.

"వెళ్ళిపోయాడు."

"ఎక్కడికి?"

"తెలీదు. మళ్ళీ రాడు."

అతను నమ్మలేనట్టు చూశాడు. జేబులోంచి మందుబిళ్ళల పొట్లం తీసి, వంగి ఇసుక మీద పెట్టి, అడుగు వెనక్కి వేశాడు.

"లోపల కన్నకూతురు అంటుజ్వరంతో పడి ఉంటే, ఏ తండ్రయినా వదిలేసి పోతాడా?"