బయటి ఎలుక

తుర్కయాంజాల్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా అరుణజ్యోతి కారు ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. ప్రాణమంతా ఒక్క ఎలుక మీదే ఉంది.

నిన్న సాయంత్రం ల్యాబ్ వరండాలో కనబడిందది. పక్క పొలంలోంచి వచ్చిన మామూలు ఎలుక. ఎవరింట్లోనైనా అయితే చీపురుతో తరిమేసి మళ్లీ వంటలో పడతారు. ఇక్కడ అలా కుదరదు.

గాజు తలుపు వెనక గదిలో ఉన్నవి ఒంటిమీద బొచ్చు లేని ఎలుకలు. క్యాన్సర్ మందు పరీక్షలన్నీ వాటి మీదే. పుట్టుకతోనే వాటికి థైమస్ గ్రంథి ఉండదు. రోగాలతో పోరాడే కణాలు పాఠాలు నేర్చుకునే బడి అది. బడే లేకపోతే ఇంకేం పోరాటం? బయటి ఎలుకలు ఒంట్లో వైరస్ పెట్టుకుని కూడా దర్జాగా తిరుగుతాయి. అదే వైరస్ వీటికి సోకితే కాలేయాన్ని కరిగించేస్తుంది.

నిరుడు అలాగే గదంతా ఖాళీ అయింది. ఆ రోజు అరుణజ్యోతి అన్నం ముట్టలేదు. ఎలుకల కోసం ఏడ్చేవాళ్లను ఎక్కడా చూడలేదని ఆట పట్టించిన భర్త సతీశే, చివరికి ఆమె కళ్లు తుడిచాడు. డైరెక్టర్ దివాకర్ మాత్రం ఒకే మాట అన్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే ప్రాజెక్టు మూసేస్తామని.

గేటు దగ్గర అంజిలయ్య ఎదురొచ్చాడు. ఎలుకలకు మేతా నీళ్లూ పెట్టే పనిలో కొత్తగా చేరాడు. వాటిని ముద్దుగా 'గుండోళ్లు' అంటాడు. చేరిన రోజే అరుణజ్యోతి అతనికి జాగ్రత్తలన్నీ నూరిపోసింది.

"దొరికింది మేడం," అన్నాడు. "బోన్ల పల్లిపట్టి ముక్క పెట్టిన. పొద్దుగాల సూస్తె పడ్డది."

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"గదిలకైతే దూరలే గద అన్నా?"

"ఎట్ల దూరుతది మేడం, తలుపుకు తాళముండె. వరండలనే పట్టిన."

అక్కడే నిలబడి దివాకర్‌కు ఫోన్ చేసింది. అవతల ఆయన కూడా గట్టిగా ఊపిరి వదిలాడు. అంజిలయ్యను పర్మనెంట్ చేద్దామన్నాడు. ఆ మాట చెబితే అంజిలయ్య సిగ్గుపడి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. అరుణజ్యోతికి అతని కాళ్లు మొక్కాలన్నంత సంతోషం వేసింది. టిఫిన్ డబ్బాలోని ఉప్మా సగం తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇంతకు దాన్ని సంపినవా?"

"వినాయక నవరాత్రులల్ల ఆయన బండిని సంపుతరా మేడం? నిష్ఠతోని ఉన్న."

ఆమె నవ్వింది. ఇంత నవ్వు నవ్వి ఎన్నాళ్లయిందో.

"మంచి పని జేసినవ్ అన్నా. మరి చెరువు దిక్కు ఇడిసొచ్చినవా?"

"బయట ఎలుక ఒక్కటి గూడ కనబడొద్దని మీరే అంటిరి గద మేడం, గందుకే తీస్కపోయి లోపల గుండోళ్ల డబ్బాల ఏసిన, పాపం బొచ్చు లేని పానాలు, దాని పక్కకు ఎచ్చగ పన్నయి."