తలుపు మీద చిలక

"గదికి పద. తలుపు ఓరగా తీసే ఉంచు. నేనొస్తున్నా," అన్నాడు కాంట్రాక్టరు, సూపు గిన్నె పక్కకి నెడుతూ.

అతని భార్య తాగుతున్న మంచినీళ్ళు సగంలో వదిలేసి లేచింది. ఓడ భోజనాల హాలంతా సెలవుల సందడిలో ఉంది. ఆమె చేసిన నేరమల్లా వడ్డించే మనిషిని చూసి నవ్వడం.

కాంట్రాక్టరు వెంటనే లేవలేదు. కొట్టడంలో అతనికో పద్ధతుంది. ముందు ఆమెను గదికి పంపుతాడు. తర్వాత తీరిగ్గా కూర్చుని రెండు గ్లాసులు పట్టిస్తాడు, ఇక్కడైతే పైన ఈతకొలను పక్కన. ఎదురుచూస్తూ వణకడంలోనే సగం దెబ్బ తగులుతుందని మహానుభావుడి సిద్ధాంతం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస. పెళ్ళిరోజు కానుకని ఓడెక్కించాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. పైగా ఇక్కడ చుట్టూ సముద్రం, పుట్టింటికి పారిపోయే దారి కూడా లేదు. ఒకసారి ఇంట్లోనే పక్కటెముక విరిగింది. ఈసారి ప్రాణాలతో ఒడ్డుకు చేరతానన్న నమ్మకం ఆమెకు లేదు.

ఓడలో అతనికి గిట్టనిది ఒక్కటే. ఏ అంతస్తు చూసినా అదే తివాచీ, అవే దీపాలు, అవే తెల్లటి తలుపులు. ఎక్కిన రోజే మెట్ల లెక్క తప్పి ఎవరిదో తలుపు దబదబా బాది నవ్వులపాలయ్యాడు. ఆ ఉక్రోషమంతా గదికొచ్చి ఆమె మీద తీర్చుకున్నాడు.

మర్నాడు పొద్దున ఫలహారాల దగ్గర ఒక పొడుగాటి ఆవిడ ఆమె పెదవి చూసి ఆగింది. చేతిరుమాల్లో ఐసుముక్కలు చుట్టి ఇచ్చింది.

"పడ్డానండీ," అంది భార్య.

"పడితే అక్కడ తగలదమ్మా. మనుషుల్ని పడెయ్యడం నేర్పడమే నా పని," అని కాంట్రాక్టరు వంక ఓ చూపు పారేసి వెళ్ళిపోయింది పొడుగావిడ. సర్కసు మనిషి కాబోలని అతను నవ్వుకున్నాడు.

ఆ రోజే ఓడ రేవులో ఆగినప్పుడు, వెనక అయస్కాంతం ఉన్న ఆకుపచ్చ చిలకబొమ్మ కొని తలుపుకు అతికించింది భార్య. మెట్ల పక్కన ఎడమవైపు మొదటి గది మనది, చిలక కనిపిస్తే చాలు, అంతస్తులు లెక్కపెట్టక్కర్లేదని చెప్పింది. నోట్లో నాలుక లేని మనిషికి ఇన్నాళ్ళకో మంచి ఆలోచన వచ్చిందనుకున్నాడతను. అప్పట్నుంచీ మెట్లు దిగుతూ ప్రతి అంతస్తులోనూ ఎడమవైపు చూడటం, చిలక ఉంటే ఆగడం అలవాటు చేసుకున్నాడు.

ఇవాళ రెండు గ్లాసులు మూడయ్యాయి. బెల్టు సడలించుకుంటూ దిగాడు. చిలక కనిపించింది. తలుపు చెప్పినట్టే ఓరగా తీసి ఉంది. లోపలికెళ్ళి గడియ తనే పెట్టుకున్నాడు.

తెరలు వేసిన గది మసకగా ఉంది. మంచం మీద దుప్పటి కప్పుకుని, అటు తిరిగి పడుకుని ఉందామె.

"నిద్ర నటిస్తున్నావా?" అని బలం కొద్దీ బెల్టు విసిరాడు. దుప్పటి మీద దెబ్బ ఛెళ్ళుమంది.

రెండో దెబ్బ తగల్లేదు. దుప్పట్లోంచి ఒక చెయ్యి బెల్టును గాల్లోనే అందుకుని గుంజింది. అతను ముందుకు తూలాడు. మోకాలు పొట్టలో దిగింది, ఊపిరి ఆగింది. ఏమిటిదని అనుకునేలోపే నేల మీద బోర్లా ఉన్నాడు. కుడిచెయ్యి వెనక్కి మెలితిరిగి, భుజం దగ్గర ఎముక పటుక్కుమంది. ముందుపళ్ళు రెండు తివాచీ మీద రాలాయి. గడియ వైపు పాకబోతే కాలు పట్టి వెనక్కి ఈడ్చింది. అతని కేకలకు అంతస్తంతా పరుగెత్తుకొచ్చింది. భార్య అరిచిన రోజున ఒక్కరూ రాలేదు.

దీపం వేశాక చూస్తే, పొడుగావిడ జుట్టు ముడివేసుకుంటోంది.

"ఎవరో బెల్టుతో కొట్టారు. చీకట్లో ఎవరని అడిగే తీరిక లేకపోయింది," అందావిడ ఓడ భద్రతాధికారితో.

"అది నా గదే. తలుపు మీద చిలక ఉంది," అన్నాడు కాంట్రాక్టరు, నోట్లో నెత్తురు మింగుతూ.

డాక్టరు కట్టు కట్టాక, చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి చూపించాడు అధికారి. పొడుగావిడ తలుపు మీద ఏమీ లేదు. కింది అంతస్తులో, సరిగ్గా అదే చోట, అతని గది తలుపు మీద చిలక పచ్చగా ఉంది.

"తాగి అంతస్తు తప్పడం ఇక్కడ మామూలే. కానీ మీరు ఆడమనిషిని కొట్టారు," అన్నాడు అధికారి.

భార్య ఓరగా తీసి ఉన్న తలుపు వెనకే నిలబడి ఉంది. "మీకోసమే చూస్తున్నానండీ," అంది మెల్లగా.

అతని తలకాయలో అనుమానం తన మీదికే తిరిగింది. మూడో గ్లాసును తిట్టుకున్నాడు.

తోటి ప్రయాణికుల మీద చెయ్యి చేసుకున్నవాళ్ళను దగ్గర్లోని రేవులో దింపి పోలీసులకు అప్పగించడం ఓడ నియమం. వెంట వెళ్తారా అని భార్యను అడిగారు. వెళ్ళకేం చేస్తుందనుకున్నాడతను.

"లేదండీ. నేను మిగతా ఊళ్ళు కూడా చూస్తాను," అంది.

మర్నాడు అతని సంచి ఆమే సర్ది ఒళ్ళో పెట్టింది. నొప్పిమాత్రలు చొక్కాల అడుగున ఉన్నాయని చెప్పింది. బయటికి తోస్తుంటే అతను తల తిప్పి తలుపు చూశాడు. చిలక అక్కడే ఉంది.

రేవు పోలీసు గదిలో కూర్చున్నాక ఓడ కూత వేసి కదిలింది. కిటికీలోంచి అది చిన్నదయ్యేదాకా చూశాడు. భుజం సలుపు ఎక్కువై, ఎడమచేత్తో సంచి విప్పి చొక్కాల అడుగున తడిమాడు.

మాత్రల పక్కన ఇంకో చిలక ఉంది.