అధ్యక్షురాలి నకలు

అయినా నకలుకి తనకంటే చక్కటి నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో అనుకుంటూ, విశాఖలో తమ కాలనీ సమావేశానికి వచ్చి వెనక వరసలో కూర్చుంది హైమవతి. ఇరవై ఏళ్లుగా ఆమె కంపెనీల లాయరు. తీరిక లేనివాళ్లందరికీ ఇప్పుడు తెరమీద అచ్చం తమలాగే కనిపించి, తమ బదులు మాట్లాడే కంప్యూటరు నకళ్లున్నాయి. కాలనీ అధ్యక్ష పదవి పేరుకి తనదే అయినా, ఒక్కరోజూ అక్కడ ముఖం చూపించకుండా ఆమె కూడా తన బదులు ఒకదాన్ని పంపింది. "ఎలా ఉండమంటారు?" అని మొదటిరోజు అది అడిగితే, కారెక్కుతూ, "నన్ను నేను ఎలా అనుకుంటానో అలా ఉండు" అనేసింది.

అదే కొంప ముంచింది. పిల్లలు ఆడుకునే మైదానం, డ్రోన్ల స్టాండు కోసం ఆమె క్లయింటుకి కావాలి. నకలు ససేమిరా అంటోంది. ఈరోజే ఓటింగు. అందుకే తనే స్వయంగా వచ్చింది.

"మైదానం ఇచ్చేది లేదు," అంది తెరమీద నకలు. "ఆ కంపెనీ లాయరు తియ్యగా మాట్లాడుతుంది. జాగ్రత్త."

జనం గొల్లున నవ్వారు. పక్కన కూర్చున్న సూరీడమ్మ హైమవతిని మోచేత్తో పొడిచింది.

"మా ప్రెసిడెంటమ్మ మాట సూసేవేటి! అచ్చం నీలాగే ఉంటాది గానీ, నీకా కళ లేదు తల్లీ. సుట్టానివేటి?"

"దూరపు చుట్టాన్ని," అంది హైమవతి.

ఫోనులో ఒక్క మీట నొక్కితే నకలు మాయమవుతుంది. కుర్చీ తనదవుతుంది, మైదానం రాసిచ్చే సంతకమూ తనదే. వేలు మీటమీదకి వెళ్లింది కూడా. కానీ తెరమీద ఉన్నది, ఇన్నేళ్లూ తనేనని తను నమ్ముతూ వచ్చిన మనిషి. నొక్కబుద్ధి కాలేదు.

"మైదానం ఉండాలనేవాళ్లు చేతులెత్తండి," అంది నకలు.

హైమవతి ఫోను ఒళ్లో బోర్లించి, చెయ్యెత్తింది.