అడగబుద్ధి కాని ఫోను

మా దీవిలో, సవుసవు ఊరి వైపు, చుట్టం వచ్చి "కెరెకెరె" అన్నాడంటే, అడిగింది తీసి చేతిలో పెట్టాల్సిందే. లేదన్నవాడు ఊళ్లో తలెత్తుకుని తిరగలేడు. అలాంటి చోట డెబ్బయ్యేళ్లు బతికి, ఎవరినీ ఉప్పుగల్లు కూడా అడగనివాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి సైరుసి ఫోను సంగతి ఏ పక్షమూ పట్టకుండా చెప్పగలను.

"కొత్త ఫోను కొనాల్సిందే మెరే!" అంటూ సైరుసి పెళ్లాం ముందు చిందులు తొక్కాడు. "రేపు రగ్బీ ఫైనల్. ఈ పాతదాంట్లో మనవాడు బంతితో గీత దగ్గరికి రాగానే బొమ్మ కొయ్యబారిపోతుంది. దాటాడో లేదో తెలిసేలోపు నా గుండె ఆగేట్టుంది!"

"కొత్తది ఎన్నాళ్లుంటుందట?"

"అయిదేళ్లకు ఢోకా లేదన్నాడు షాపువాడు."

"షాపువాడికి మీ బావ జొవిలిసి సంగతి తెలీదుగా!"

సైరుసి నీరుగారిపోయాడు. అదీ ఒక్క క్షణమే. బస్సెక్కి బజారుకు పోయి, సాయంత్రానికి అద్దంలా మెరిసే ఫోనుతో దిగాడు. మెరె దాన్ని బుగ్గకు ఆనించుకుని మురిసేలోపే లాక్కుని, పెరట్లో రాయి తీసి మూలన టక్కుమని ఒక్కటిచ్చాడు.

"పిచ్చెక్కిందా నీకు!"

"పిచ్చి కాదే, టీకా వేశాను! ఈ పగులు చూశాక ఎవడికైనా అడగబుద్ధవుతుందా?" అంటూ పగుళ్లలోకి ఇంత పొయ్యి మసి కూడా రుద్దాడు.

మర్నాడు ఆట మొదలవుతుండగా జొవిలిసి ఊడిపడ్డాడు.

"ఏంటి బావా, ఫోనును పంది గానీ నమిలిందా?"

"పాతదే బావా. ఏదో అలా లాక్కొస్తున్నా," అని సైరుసి ఒక నిట్టూర్పు కూడా విడిచాడు. మెరె నవ్వాపుకోలేక కర్రపెండలం కుండ మూత చాటున మొహం దాచుకుంది.

ఇద్దరూ చాప మీద బోర్లా పడుకుని చూశారు. ఆహా, ఏం బొమ్మ! అందులో ఆటగాడికి చెమట కారితే ఇక్కడ జొవిలిసి నుదురు తుడుచుకున్నాడు. బంతి ఎగిరొస్తే ఇద్దరూ తలలు వంచారు. ఆఖరి నిమిషం. పాయింట్లు సమానం. మనవాడు బంతి చంకన పెట్టుకుని గీత వైపు ఉరికాడు. సైరుసి ఊపిరి బిగబట్టాడు. అప్పుడే ఫోను మీద జొవిలిసి చెయ్యి పడింది.

"కెరెకెరె, బావా."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఈ పగిలిన దరిద్రాన్నా?"

"పగిలిందనే కదా ధైర్యం చేశాను బావా. కొత్తదైతే అడగడానికి నాకు మాత్రం సిగ్గుండదూ?"

ఇందులో నేను కల్పించింది జొవిలిసి అనే పేరొక్కటే. ఫోను మాత్రం నిజం, ఇదిగో, నా జేబులోనే ఉంది.